ఊపిరి గుర్తులు

ఆ స్వరం ఎక్కడా తెగలేదు. నోరీన్ టాలీ చేత ఆ మెట్లు దిగించింది అదే.

జనవరి చివర ఒక మంగళవారం సాయంత్రం మందుల షాపు నుంచి ఇంటికి నడిచి వెళ్తూ, లూథరన్ చర్చి పక్కన ఆమె ఆగింది. చర్చి నేలమాళిగ కిటికీ కాలిబాట ఎత్తులో ఉంటుంది. మంచు కొట్టుకున్న అద్దం వెనక పసుపు వెలుగు, అందులో ఇత్తడి మెరుపులు. లోపల హాన్లీ లాండింగ్ ఊరి బ్యాండు ఏదో కీర్తన వాయిస్తోంది. పైన రాగం ఎటు పోతోందో ఆమె పట్టించుకోలేదు. రాగం కింద ఒక మంద్రస్వరం నిలబడి ఉంది. ఇంటి కింద నేల ఉన్నట్టు ఉంది. ఆమె లెక్కపెట్టడం మొదలుపెట్టింది. కావాలని కాదు, ఎవరి ఊపిరి వినపడ్డా ఆమె బుర్ర దానంతటదే లెక్కకు దిగుతుంది. ముప్ఫై. నలభై. అరవై. మనిషన్నవాడు అంతసేపు ఊదలేడు.

వీళ్లు ఊపిరి ఎక్కడ తీస్తున్నారు?

ఇంటికొచ్చి కోటు విప్పాక కూడా ఆ ప్రశ్న ఆమెను వదల్లేదు.

భర్త రాయ్ పోయి పద్నాలుగు నెలలు. ముప్ఫై ఏళ్లు పింగాణీ ఫ్యాక్టరీలో మట్టి దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు అతనివి. చివరి రెండేళ్లలో నోరీన్ చేసిన పని చెప్పుకోవాలంటే ఒక్కటే, వినడం. వంటింట్లో ఉన్నా, పెరట్లో ఉన్నా ఒక చెవి అతని దగ్గరే. అతను ఊపిరి వదిలాక మళ్లీ పీల్చేదాకా తనూ బిగబట్టేది. అతను పీలిస్తే తనూ పీల్చేది. అతను పోయాడు, బిగబట్టడం మిగిలింది. గిన్నె తోముతూనో, ఉత్తరం చదువుతూనో ఉన్నట్టుండి గుండెలు మండేవి. అప్పుడు గుర్తొచ్చేది, తను ఊపిరి తీయలేదని.

మర్నాడు బ్యాండు మాస్టరుకు ఫోన్ చేసింది. బడి రోజుల్లో బాస్ అనే పెద్ద ఇత్తడి బూరను భుజానికి చుట్టుకుని నాలుగేళ్లు ఫుట్‌బాల్ మైదానం చుట్టూ తిరిగానని చెప్పింది. అది నలభై ఏళ్ల కిందటి సంగతి అని కూడా చెప్పింది.

"మంగళవారం రండి," అన్నాడతను.

బ్యాండు మాస్టరు కర్టిస్ బీల్‌కి నలభై దాటి ఉంటాయి. పగలు బడిలో పిల్లలకు సంగీతం చెప్తాడు. చర్చి మెట్ల మీదే ఆమెను ఆపాడు. కింద అందరూ ఉన్నారు, చెప్పాల్సింది వాళ్ల ముందు చెప్పలేడు.

"మాది మిగతా ఊళ్ల బ్యాండ్ల లాంటిది కాదండీ. వచ్చినవాళ్లకల్లా ఒక కుర్చీ వేసే పద్ధతి లేదు. ఇంగ్లండులో స్టాఫర్డ్‌షైర్ నుంచి వచ్చిన కుమ్మరి పనివాళ్లు పెట్టిపోయిన లెక్క ఇది. ఇరవై ఎనిమిది కుర్చీలు. ఒకటి ఖాళీ అయితేనే ఇంకొకరు."

"నాకు తెలుసు. మా నాన్న చెప్పేవాడు."

"మీరు వాయించే రకం బాస్‌కి రెండు కుర్చీలున్నాయి. ఒకటి ట్రెంట్‌ది. పోలీసు. ఆరు వారాల శిక్షణకు వెళ్లాడు, మట్టల ఆదివారం వారంలో వచ్చేస్తాడు. అప్పటిదాకా వాడి కుర్చీలో కూర్చోండి. రెండోది డెల్ ఆర్మిటేజ్ గారిది." అతను కింది తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఆయనకి డెబ్భై ఏడు. ఊపిరి అందట్లేదు. నాకు ఊదడం నేర్పింది ఆయనే, తెలుసా? ఆరు వారాల తర్వాత నేను ఆయనతో మాట్లాడాల్సి వస్తుంది. మాట్లాడితే ఆ కుర్చీ మీది. అర్థమైంది కదా?"

అర్థమైంది. అర్థం కాకుండా ఉంటే బాగుండునని కూడా అనిపించింది. కానీ అనిపించినంత సేపట్లోనే ఆమె మెట్లు దిగుతోంది.

నేలమాళిగలో చేపలు వేపిన నూనె వాసన. ఈస్టర్ ముందటి శ్రమల దినాలు దగ్గరకొచ్చాయంటే శుక్రవారం శుక్రవారం ఆ చర్చిలో చేపలు వేపుతారు, ఆ వాసన వారమంతా గోడల్లో ఉంటుంది. కుర్చీలు గుర్రపు లాడంలా వేసి ఉన్నాయి. హార్న్ అనే చిన్న బూరల వరుసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది, దాని ముందు స్టాండు మాత్రం నిలబెట్టి ఉంది. అందులో కూర్చునే పిల్ల నర్సు చదువుకి వెళ్లిపోయిందట. ఆ కుర్చీ మీద ఎవరూ కనీసం కోటు కూడా పడేయలేదు.

"ఏవమ్మా, ట్రెంట్ కంటే నువ్వే నయంగా ఉన్నావ్ చూడ్డానికి," అన్నాడు డెల్ ఆర్మిటేజ్, లేవకుండానే. బక్కపల్చటి మనిషి. ఒళ్లో ఉన్న బాస్ ఆయన్ని మింగేసేటట్టుంది.

"వాడికంటే ఎవరైనా నయమే లేవోయ్," అన్నాడు వెనక నుంచి ఎమిల్ సోప్కో. ఇంకా పెద్ద బాస్‌లు రెండూ సోప్కో అన్నదమ్ములవి. తమ్ముడు మాట్లాడడు, అన్న ఆగడు. "జాగ్రత్త మేడం, ముసలాయన పక్కన కూర్చున్నవాళ్లు ముగ్గురు ఊరొదిలి పారిపోయారు."

"ఇద్దరే. మూడోవాడు చచ్చిపోయాడు," అన్నాడు డెల్.

నోరీన్ పుస్తకం తెరిచింది. ఆమె బడిలో నేర్చుకున్న రాత వేరు, ఈ రాత వేరు. ఇక్కడ చిన్న కార్నెట్ నుంచి బాస్ దాకా అందరికీ ఒకే రాత, ఒకే మీటలు. ఫ్యాక్టరీ కాలంలో షిఫ్టులు మారినప్పుడల్లా ఒకరి చోట ఇంకొకరు కూర్చోవాల్సి వచ్చేది, అందుకని అలా పెట్టుకున్నారు. ఆమె పెన్సిల్ తీసి ప్రతి స్వరం కిందా ఏ మీట నొక్కాలో అంకెలు వేసుకుంది. డెల్ ఓరకంట చూశాడు.

"నువ్వు ఫ్యాక్టరీలో ఏ పని చేశావ్?"

"పళ్లేల మీద పూలు అంటించేదాన్ని."

"అనుకున్నా. ఆ అంకెలు ఎంత వరసగా ఉన్నాయో చూడు."

ఈ బ్యాండులో ఏ రోజైనా మొదట వాయించేది కీర్తనే. పాతవాళ్లలో ఒకరు కట్టిన పాట, 'ఆవం వీధి' అని పేరు. దాని రాతను నిలువు గీతలు గడులుగా విడదీస్తాయి. అందులో మధ్యన పదహారు గడులు సోప్కో అన్నదమ్ములు ఊరుకుంటారు, డెల్, ట్రెంట్ ఇద్దరే ఒక్క స్వరాన్ని పట్టుకుని ఉండాలి. కిటికీ బయట నోరీన్ విన్నది అదే.

"నిలువు గీత దగ్గర ఊపిరి తీసుకోవాలని ప్రతి మనిషికీ బుద్ధి పుడుతుంది," అన్నాడు డెల్, పుస్తకం మీద వేలు పెట్టి. "అందుకే అక్కడ తీయకూడదు. అందరికీ బుద్ధి పుట్టిన చోట తీస్తే అందరం ఒక్కసారే ఆగుతాం. గొయ్యి పడుతుంది. ఇదిగో ఈ పెన్సిల్ కామాలు చూశావా? ట్రెంట్‌వి. వాడి ఊపిరి ఇక్కడ. నాది నా పుస్తకంలో వేరే చోట. వాడు తీసేటప్పుడు నేను మోస్తా, నేను తీసేటప్పుడు వాడు మోస్తాడు. ఇంకొకటి. అవసరం రాకముందే తీయాలి. వచ్చాక తీస్తే అది ఊపిరి కాదమ్మా, ఎగశ్వాస."

అలా నోరీన్ ట్రెంట్ కుర్చీలో కూర్చుని ట్రెంట్ ఊపిరి తీసింది. తనెన్నడూ చూడని ఒక పోలీసాయన పెన్సిల్‌తో గీసి పెట్టిన చోట్ల గాలి పీల్చుకుంటుంటే మొదట నవ్వొచ్చింది. తర్వాత, ఎందుకో, చాలా విశ్రాంతిగా అనిపించింది. ఎప్పుడు పీల్చాలో ఎవరో ముందే నిర్ణయించి పెట్టారు. ఆ రాత్రి ఆమె గిన్నెలు తోముతూ ఒక్కసారి కూడా బిగబట్టలేదు. పడుకునే ముందు, పద్నాలుగు నెలల్లో మొదటిసారి, మంగళవారం ఎప్పుడొస్తుందా అని వేళ్లు మడిచి చూసుకుంది.

రెండో వారం ఆమెకు ఆ శబ్దం వినపడింది.

ఇంకెవరికీ వినపడి ఉండదు. డెల్ ఊపిరి లోపలికి తీసినప్పుడు చివర్లో సన్నటి ఈల, తర్వాత గొళ్లెం పడ్డట్టు చిన్న టిక్కు. రాయ్‌కి మూడేళ్ల కిందట సరిగ్గా అలాగే మొదలైంది. నోరీన్ వెన్ను దానంతటదే నిటారయింది. ఆ తర్వాత ఆమె కళ్లు పుస్తకం మీద ఉన్నాయి గానీ చెవి పక్క కుర్చీలో ఉంది. పదో గడిలో డెల్ తన చోట ఊపిరి తీశాడు, కానీ ఈల మధ్యలోనే తెగింది. సగమే అందింది. పదకొండో గడి సగంలో నోరీన్ చోటు. కామా ఎదురుగా ఉంది. తను ఇప్పుడు ఆగితే, డెల్ దగ్గర మోయడానికి గాలి లేదు.

ఆమె ఆగలేదు. కామా దాటి ఊదింది. పన్నెండు, పదమూడు. కళ్ల ముందు నల్ల చుక్కలు తిరిగాయి. డెల్ రెండోసారి, మూడోసారి ఊపిరి అందుకుని స్వరంలోకి వచ్చాక అప్పుడు తీసుకుంది.

ఆ తర్వాత ప్రతి వారం అదే. ఎక్కడ ఈల తెగుతుందో ఆమెకు ముందే తెలిసేది. తన ఊపిరి వాయిదా వేసేది, ఆయన దింపుకున్నది తను ఎత్తుకునేది. పక్కవాళ్ల ఊపిరి వినడం, ఆమెకు వచ్చిన చదువంతా అదే మరి. ఇంటికెళ్లాక తల బరువెక్కేది, గిన్నెల దగ్గర మళ్లీ బిగబట్టడం మొదలైంది. పాత అలవాటు పాత చెప్పులా కాలికి పట్టేసింది.

అయిదో వారం రిహార్సల్ అయ్యాక కర్టిస్ ఆమెను మళ్లీ మెట్ల మీదే ఆపాడు. మొహం వెలిగిపోతోంది.

"ఏం మంత్రం వేశారండీ? డెల్ గారు పదేళ్ల కిందట వాయించినట్టు వాయిస్తున్నారు! ఆ పదహారు గడులూ నూలుపోగంత తేడా లేదు. పక్కన మంచి తోడుంటే మనిషి కోలుకుంటాడని ఊరికే అన్నారా." అంతలో అతని మొహంలో వెలుగు కాస్త తగ్గింది. "కాకపోతే... ఇక ఆయన్ని లేవమనడానికి నా దగ్గర కారణం లేదు. నాకు మనసూ లేదు. వచ్చే మంగళవారం మీకు చివరిది. ఆ హార్న్ కుర్చీ ఖాళీగానే ఉంది కదా, మీటలు కూడా ఇవే..."

"మొన్న బడి నుంచి ఒకటి తెచ్చుకుని ప్రయత్నించాను," అంది నోరీన్. "టీ కెటిల్ అరిచినట్టు వచ్చింది. నా మూతికి బాస్‌కుండే పెద్ద ఊదే గిన్నె అలవాటు."

"బాస్ కుర్చీ ఎప్పుడు ఖాళీ అయినా మొదటి ఫోన్ మీకే. ఒట్టు."

కారులో కూర్చుంది. తాళం తిప్పలేదు. అద్దం మీద తన ఊపిరి పొగలా పట్టి పలచబడి మళ్లీ పట్టింది.

జరిగింది నవ్వుకోవాల్సిన విషయమే. ఆయన్ని కాచి తన కుర్చీ తనే పోగొట్టుకుంది. దయ చేసింది, దయకి ఖరీదు ఉంటుంది, అంతే. అలా అనుకుంటే నిద్ర పడుతుంది. కానీ నోరీన్‌కి తనమీద తనకు అంత నమ్మకం లేదు. దయ అయితే చేసేటప్పుడు ఆ భయం ఎందుకు? పక్కవాడి ఊపిరి తెగబోతుంటే ఆమెలో లేచింది జాలి కాదు, ఒక పాత వణుకు. రాయ్ చివరి నెలలో ఒక మధ్యాహ్నం అతను ఊపిరి వదిలాడు, మళ్లీ తీయడానికి చాలాసేపు పట్టింది. ఆమె బిగబట్టి కూర్చుంది. ఆ ఎదురుచూపులో ఒక్క క్షణం, రెప్పపాటు, అతను ఇక తీయకపోతే బాగుండునని ఆమె కోరుకుంది. అలసిపోయి కోరుకుంది. అతను తీశాడు. ఇంకా ఇరవై రోజులు బతికాడు. ఆ రెప్పపాటు సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. తనక్కూడా చెప్పుకోలేదు.

ఇప్పుడు ఎవరో ఒక ముసలాయన ఊపిరి ఆగినా ఆ కోరికే ఆపిందనిపిస్తుంది. అందుకే ఆగనివ్వడం లేదు. పైగా ఈసారి ఆయన ఆగిపోతే తనకు కుర్చీ దొరుకుతుంది.

గురువారం ఫోన్ మోగింది.

"శనివారం పొద్దున మా ఇంటికి రా. కాఫీ ఇస్తాను. నీతో పోట్లాడాలి," అన్నాడు డెల్.

ఆయన వంటింట్లో కప్పులన్నీ ఊళ్లో అందరి ఇళ్లలో ఉన్నట్టే రెండో రకం సరుకు, ఫ్యాక్టరీ తీసి పారేస్తే పనివాళ్లు ఇంటికి తెచ్చుకున్నవి. డెల్ తన కప్పును వెలుగులో తిప్పి చూశాడు.

"ఈ గులాబీ చూడు, ఎంత వంకరగా ఉందో. ఇది నువ్వే అంటించి ఉంటావ్."

"నావి వంకరగా ఉండవు. అది నా పక్క బల్ల లొరేటా పని."

"చచ్చినవాళ్ల మీద తోసెయ్, అడిగేవాడుండడు." ఆయన నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఆగాక కిటికీ గట్టు మీదున్న చిన్న నీలం డబ్బా చూపించాడు, పీల్చే మందు. "అది ముట్టుకుని మూడు వారాలైంది. ఎందుకో చెప్పనా? నాకు బాగైందనుకున్నాను. డాక్టర్‌కి ఫోన్ చేసి, మీ మందూ వద్దు మీరూ వద్దు, నా బూరే నాకు వైద్యం అన్నాను. వాడు నవ్వాడు. నేనూ నవ్వాను."

నోరీన్ కప్పు కింద పెట్టింది.

"మొన్న మంగళవారం పదకొండో గడిలో దగ్గొస్తుందని మూతి తీసేశాను. పూర్తిగా తీసేశానమ్మా. అక్కడ నీ కామా ఉంది, నువ్వు ఆగాలి. గొయ్యి పడాలి. పడలేదు. నా చేతిలో బూర మోగట్లేదు, నా స్వరం మాత్రం మోగుతోంది. దయ్యం పట్టిందనుకున్నా. పక్కకి తిరిగి చూస్తే నీ మొహం వంకాయ రంగులో ఉంది." ఆయన గొంతులో నవ్వు పోయింది. "ఎన్నాళ్ల నుంచి తీస్తున్నావ్, నా ఊపిరి?"

"రెండో వారం నుంచి."

"నిన్నెవరు అడిగారు?"

"ఎవరూ అడగలేదు. మా ఆయనకి కూడా..." ఆమె ఆగింది. తర్వాత, ఎందుకు మొదలుపెట్టిందో తనకే తెలియకుండా, రాయ్ సంగతి చెప్పింది. లెక్కపెట్టడం చెప్పింది. బిగబట్టడం చెప్పింది. ఆ మధ్యాహ్నం రెప్పపాటు కూడా చెప్పింది. చెప్పేటప్పుడు కప్పు మీద గులాబీనే చూసింది.

డెల్ కుర్చీ వెనక్కి జరిపాడు. లేచి ఆమె కప్పులో కాఫీ పోశాడు, కాస్త తొణికింది.

"మా ఆవిడకి కేన్సరు," అన్నాడు. "నేను రెప్పపాటు కాదు, ఒక వారం కోరుకున్నాను. నేను కోరుకున్నందుకు చావలేదు అది. నా మాట ఎప్పుడు విందని?"

నోరీన్ నవ్వింది. నవ్వుతుంటే కళ్లు నిండాయి. తుడుచుకోలేదు.

"మీ కుర్చీ నాకిస్తానన్నాడు కర్టిస్," అంది. "మీ ఊపిరి చాలదని. అది కూడా మీకు తెలియాలి. ఇప్పుడు ఇవ్వనంటున్నాడు, మీరు బాగున్నారని."

"నాకు తెలియదనుకున్నావా? ఊరంతా నాకు మొహాలతో చెప్తూనే ఉన్నారు. నోటితో చెప్పినదానివి నువ్వే." ఆయన ముందుకు వంగాడు. ఛాతీలో ఈల మోగింది. "విను. నువ్వు చేసింది నాకు ఇష్టం లేదు. బూరలోంచి కూడా మనిషికి అబద్ధం చెప్పొచ్చని నాకు ఇప్పుడే తెలిసింది. మంగళవారం నీ కామా దగ్గర నువ్వు ఊపిరి తియ్. నాకేం జరగాలో అది జరగనీ. నలుగురికీ వినపడేటట్టు జరగనీ. నలభై ఒక్క ఏళ్లు ఆ కుర్చీలో కూర్చున్నాను. నేను ఆగిపోతే అది నేను వినాలి కదా?"

మూడు రోజులు నోరీన్ ఆ మాటను ఇంట్లో అటూ ఇటూ మోసుకు తిరిగింది. ఆయన చెప్పినట్టు చేస్తే కుర్చీ తనకొస్తుంది. చేయకపోతే ఆయన మందు ముట్టడు, అబద్ధం సాగుతుంది, తను బయట కిటికీ దగ్గర. న్యాయం ఎటుందో స్పష్టంగానే ఉంది. అయితే న్యాయం ఉన్న వైపే తన లాభం కూడా ఉండటం ఆమెకు మింగుడుపడలేదు. లాభం లేకపోతే ఎంత తేలికగా చేసేది! ఆ ఆలోచన దగ్గరే ప్రతిసారీ ఆగి, ప్రతిసారీ ఊపిరి బిగబట్టి ఉన్నానని గమనించింది.

మంగళవారం ఆరు గంటల యాభై నిమిషాలకు ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. డెల్ చొక్కా జేబులో నీలం డబ్బా మొన కనిపించింది. ఆయన పుస్తకం సర్దుతూ "పదకొండు" అన్నాడు, అంతే.

కర్టిస్ కర్ర ఎత్తాడు. 'ఆవం వీధి' మొదలైంది. కార్నెట్లు రాగాన్ని ఎత్తుకున్నాయి. సోప్కో అన్నదమ్ములు బూరలు దించారు. మంద్రస్వరం ఇద్దరి మీద పడింది.

ఆరో గడి, ఏడు, ఎనిమిది. తొమ్మిది. పదిలో డెల్ ఊపిరికి వెళ్లాడు, ఈల సగంలో తెగింది, టిక్కు. నోరీన్‌కి వెన్ను నిటారయింది. ఆమె ఛాతీ తనంతట తనే తలుపులు మూసుకుంది, బిగబట్టడానికి సిద్ధంగా. ఇంకా చాలాసేపు మోయగలదు. ఎప్పటికైనా మోయగలదు. పదకొండో గడి, ట్రెంట్ పెన్సిల్ కామా, బూడిద రంగులో, వంకరగా.

ఆమె పెదవులు తీసి ఊపిరి పీల్చింది.

గొయ్యి పడింది. చెంచా బల్ల మీంచి జారి నేలను తాకేంత సేపు, అంతే. కానీ నేల లేని ఇల్లు ఎలా ఉంటుందో ఆ గదిలో ఇరవై ఏడు మందికీ తెలిసింది. పైన రాగం ఒక్కసారి గాలిలో వేలాడినట్టయింది. నోరీన్ పక్కకి చూసింది. డెల్ బూర ఒళ్లో ఉంది. కళ్లు మూసుకుని, తల కాస్త వాల్చి, పక్కింట్లో ఎవరో మాట్లాడుతుంటే వింటున్నట్టు వింటున్నాడు. ఆమె స్వరంలోకి తిరిగి వచ్చింది. రాగం ఏమీ ఎరగనట్టు దాని మీద కాళ్లు పెట్టుకుని నడిచి వెళ్లిపోయింది.

కీర్తన అయ్యాక కాసేపు మాట్లాడకపోవడం అక్కడి ఆచారం. ఈసారి ఆ కాసేపు సాగింది.

"ఏంటది, లిఫ్టు మధ్యలో ఆగిందా?" అన్నాడు ఎమిల్. తమ్ముడు మోచేత్తో పొడిచాడు.

"మళ్లీ మొదట్నుంచి పోదాం," అన్నాడు కర్టిస్ గబగబా, కాగితాల్లోకి చూస్తూ.

"నాదే అది, నాయనా," అన్నాడు డెల్. "ఈ అమ్మాయి తన చోట తను ఊపిరి తీసింది. నేను నా చోట లేను. నెల నుంచీ లేను." చిన్నగా దగ్గాడు. "నువ్వు నాతో మాట్లాడాలని ఎన్నాళ్ల నుంచో మెట్ల మీద తిరుగుతున్నావటగా. నీకు ఊదడం నేర్పాను గానీ నోరు తెరవడం నేర్పలేకపోయాను."

కర్టిస్ చెవులు ఎర్రబడ్డాయి. "డెల్ గారూ..."

"గారూ లేదు గీరూ లేదు. ఆ హార్న్ ఎక్కడ?"

నర్సు చదువుకెళ్లిన పిల్ల వదిలిన చిన్న హార్న్ బీరువాలో ఉంది. ఎవరో తెచ్చిచ్చారు. డెల్ తన బాస్‌ను నేల మీద పడుకోబెట్టి, దాని అంచు మీద ఒకసారి అరచెయ్యి ఆనించి, లేచాడు. ఖాళీ కుర్చీ దాకా ఎనిమిదడుగులు. మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకున్నాడు. ఎవరూ సాయం పట్టలేదు. నోరీన్ రెండు చేతులూ బూర మీద గట్టిగా పెట్టుకుని కూర్చుంది.

"తొమ్మిదో ఏట ఇందులోనే మొదలుపెట్టాను," అన్నాడు కూర్చుంటూ. "అవే మీటలు, పావు వంతు గాలి." గిన్నెకి మూతి ఆనించి ఊదాడు. తలుపు కిర్రుమన్నట్టు వచ్చింది.

"ముసలోడు దోమల్లో కలిశాడురోయ్!" అన్నాడు ఎమిల్. గదంతా నవ్వింది.

"నీ చెవి దగ్గరే తిరుగుతాను ఉండు," అన్నాడు డెల్. నవ్వుల్లో ఆయన నవ్వు చిన్నగా ఉంది. కళ్లు మాత్రం తన పాత బాస్ వైపు రెండుసార్లు పోయాయి, రెండుసార్లూ వెనక్కి తెచ్చుకున్నాడు. "ఏవమ్మా, వచ్చే వారం ట్రెంట్ వస్తాడు. వాడి కుర్చీ వాడికి ఉంచెయ్. నాదాంట్లోకి జరుగు."

ఆమె కర్టిస్ వైపు చూసింది. కర్టిస్ తలూపాడు.

నోరీన్ తన బాస్‌తో పక్క కుర్చీలోకి జరిగింది. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది. స్టాండు మీద డెల్ పుస్తకం. నలభై ఒక్క ఏళ్ల కామాలు అందులో ఉన్నాయి. గీసి, చెరిపి, ముందుకు జరిపి మళ్లీ గీసినవి. పాతవి ఏడెనిమిది గడులకొకటి ఉన్నాయి. కొత్తవి దగ్గరదగ్గరగా వచ్చేశాయి. పదో గడి దగ్గర కాగితం చెరిపి చెరిపి పల్చబడింది. ఆమె వాటిని చెరపలేదు. పెన్సిల్ చేతిలోకి తీసుకుని కాసేపు ఊరికే పట్టుకుంది. ఎక్కడ తీయాలి? ఎవరూ చెప్పరు. ఈ రాత్రి పక్క కుర్చీ ఖాళీ, తను ఆగితే మోసేవాళ్లు లేరు. గొయ్యి పడుతుంది, అందరూ వింటారు.

ఏడో గడి మధ్యలో, గీతకు చాలా దూరంగా, గాలి ఇంకా సగం మిగిలి ఉండే చోట ఒక కామా పెట్టింది. చిన్నగా, నిటారుగా, పళ్లెం మీద పువ్వు అంటించినంత జాగ్రత్తగా.

"మొదట్నుంచి," అన్నాడు కర్టిస్.

కార్నెట్లు రాగం ఎత్తుకున్నాయి. హార్న్ వరుసలోంచి కిర్రుమనే ఒక కొత్త గొంతు తడబడుతూ కలిసింది. సోప్కో అన్నదమ్ములు దించారు. స్వరం ఆమె ఒక్కదాని మీద పడింది. నాలుగు, అయిదు, ఆరు. ఆమె చెవి అలవాటుగా ఎడం పక్కకి వెళ్లింది. అక్కడ ఏమీ లేదు, వెనక్కి వచ్చింది. ఏడో గడి మధ్యలో నోరీన్ ఆగి, తొందర లేకుండా, నిండా ఊపిరి తీసుకుంది. ఆ గాలిలో శుక్రవారం చేపల నూనె వాసన ఉంది.